అమ్మాయి వెన్ను వంపు, మావయ్య గారి నడుం నొప్పి: రాజమండ్రి వెన్నెముక క్లినిక్‌లో మా 14 నెలలు

నేను అంబాజీపేట పక్కన ఒక ఊళ్లో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఏ భుజం జారిందో, ఏ చెయ్యి లావుగా ఉందో టేపు తియ్యకముందే తెలిసిపోతుంది నాకు. మా అమ్మాయి విషయం మాత్రం 2024 ఫిబ్రవరిలో గానీ తెలియలేదు. అప్పుడు దానికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. పెద్దమనిషి అయ్యింది, ఓణీలు ఇవ్వాలని పట్టుగుడ్డ తెచ్చాం. జాకెట్టుకి కొలతలు తీస్తుంటే భుజం మీద నుంచి నడుం దాకా కుడివైపు ఒక లెక్క, ఎడమవైపు ఒక లెక్క వచ్చింది. ముప్పావు అంగుళం తేడా. టేపు జారిందేమో అనుకుని మళ్లీ తీశాను. మూడోసారీ అంతే. కచ్చా కుట్టు వేసి తొడిగితే కుడివైపు వీపు మీద గుడ్డ ఎత్తుకుని నిలబడింది, ఎడమవైపు వదులై ముడతలు పడింది. అంతకుముందు రెండేళ్లూ దానికి అన్నీ వదులుగానే కుట్టాను, ఎదిగే పిల్ల కదా అని. అందుకే నా కంట పడలేదు.

ఆ ఏడాది మార్చి చివరి నుంచి 14 నెలలుగా రాజమండ్రిలోని ఈ వెన్నెముక క్లినిక్‌కి తిరుగుతున్నాం. మధ్యలో మా మావయ్య గారిని కూడా ఇక్కడికే తీసుకొచ్చాం. పిల్లల వైద్యం, పెద్దవాళ్ల వైద్యం రెండూ దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను. కోనసీమ నుంచి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని మంచీ చెడూ రెండూ రాస్తాను.

ఇక్కడికి రాకముందు నెల రోజులు పోగొట్టుకున్నాం. పుస్తకాల సంచి ఒకే భుజానికి తగిలించుకుంటుంది, అందువల్లే ఇలా అయ్యిందన్నారు మా అత్తయ్య గారు. తెలిసినావిడ ఒకామె, గట్టిగా మాట్లాడకు, రేపు పెళ్లికి అడ్డం వస్తుంది అంది. ఆ మాట విన్న అమ్మాయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత ఎముకలు సరిచేస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, మోకాలు ఆనించి వీపు మీద నొక్కాడు. పిల్ల ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె పిండేసినట్టు ఉంటుంది. ఇంకో మూడుసార్లు రావాలన్నాడు, మేం వెళ్లలేదు. ఆ తర్వాత ఒక చోట ఎక్స్‌రే తీయించాం. పడుకోబెట్టి తీశారు. పైన మెడ దగ్గరా, కింద తుంటి దగ్గరా ఫిల్ములో పడనే లేదు. "కొంచెం వంకరుంది, ఎదిగితే అదే సర్దుకుంటుంది" అని పంపేశారు. ఎదిగే వయసులోనే ఈ వంపు పెరుగుతుందని మాకు తర్వాత తెలిసింది. ఆ మాట నమ్మి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం.

మార్చి చివర్లో మొదటిసారి ఈ క్లినిక్‌కి వచ్చాం. కొత్తపేట మీదుగా రావులపాలెం, అక్కడ బస్సు మారి జొన్నాడ వంతెన దాటి, కడియపులంక నర్సరీల పక్కనుంచి రాజమండ్రి. ఇంటి దగ్గర ఆరింటికి బయలుదేరితే తొమ్మిదింటికి క్లినిక్ మెట్ల దగ్గర ఉన్నాం. టోకెను నంబరు పదకొండు. లోపలికి పిలిచేసరికి పన్నెండున్నర.

డాక్టరు గారు ఫైలు పక్కన పెట్టి ముందు అమ్మాయి వైపు తిరిగారు. "నీకు ఎక్కడైనా నొప్పి ఉందా అమ్మా? నువ్వేమనుకుంటున్నావు దీని గురించి?" అని దాన్నే అడిగారు. అది నా వైపు చూసింది. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు, అదే చెప్పాలని ఆగారు. చివరికి అది అడిగిన మొదటి ప్రశ్న, "నేను సంచి తప్పుగా మోసినందుకా డాక్టర్ గారూ?" అని. నెల రోజుల నుంచి పిల్ల మనసులో ఇదే ఉందని నాకప్పుడు తెలిసింది.

"కాదు. కూర్చోవడం వల్లా కాదు, సంచి వల్లా కాదు, మీ అమ్మ ఏదో పెట్టకపోవడం వల్లా కాదు" అన్నారు ఆయన. దీన్ని స్కోలియోసిస్ అంటారట. గూని అంటే వెన్ను ముందుకు వంగడం. ఇందులో పక్కకి వంగుతుంది, దానితో పాటు మెలికా తిరుగుతుంది. ఆ మెలిక వల్లే పక్కటెముకలు ఒకవైపు పైకి లేస్తాయి, నా జాకెట్టు గుడ్డ ఎత్తుకున్నది అందుకే. ఎదిగే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఎంతో కొంత ఉంటుందని, వాళ్లలో నూటికి ఎనభై మందికి కారణం ఇదీ అని దొరకదని చెప్పారు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. చిన్న వంపులు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో దాదాపు సమానంగానే కనిపిస్తాయి గానీ, పెరిగి పెద్దవయ్యేవి ఆడపిల్లల్లోనే చాలా ఎక్కువట. సంచి బరువు గురించి కూడా అడిగాను. పిల్లల బరువులో పదో వంతుకి మించకూడదని 2020లో కేంద్రం స్కూలు సంచుల విధానంలో పెట్టిందని, భుజాల నొప్పి రాకుండా అది మంచిదేనని, వంపుకీ దానికీ మాత్రం సంబంధం లేదని చెప్పారు.

ఇక పరీక్ష. నేను బతికేది కొలతల మీద. అందుకే ఈ క్లినిక్ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. నర్సమ్మ లోపలే ఉంది. పిల్లని వెనక్కి తిప్పి నిలబెట్టి భుజాలు, రెక్క ఎముకలు, నడుం మడతలు, తుంటి చూశారు. రెండు చేతులూ జోడించి, మోకాళ్లు వంచకుండా ముందుకి వంగమన్నారు. వెనక నుంచి చూస్తే కుడివైపు వీపు ఎడమవైపు కంటే మెట్టులా లేచి కనిపించింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. తాపీ మేస్త్రి దగ్గర ఉండే మట్టం లాంటి చిన్న పనిముట్టు ఆ ఎత్తు మీద పెట్టి 9 డిగ్రీలు అని రాసుకున్నారు. తర్వాత కాళ్ల పొడుగు కొలిచారు. పొట్ట మీద నాలుగు పక్కలా సన్నటి పుల్లతో గీసి కండరం కదులుతుందా అని చూశారు, మోకాళ్ల మీద సుత్తితో కొట్టారు. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలున్నాయా, నడుం కింద వెంట్రుకల కుచ్చు ఏమైనా ఉందా, పాదాల గుంట మరీ లోతుగా ఉందా అని చూశారు. ఇవి ఎందుకని అడిగితే చెప్పారు. వీటిలో తేడా ఉంటే వంపు వెనక నరాల జబ్బో, వెన్నుపాములో ఇబ్బందో ఉండొచ్చు, అప్పుడు ఎంఆర్ఐ తీయించాలి. మా అమ్మాయికి అన్నీ మామూలుగా ఉన్నాయి కాబట్టి ఎంఆర్ఐ రాయలేదు. ఏడెనిమిది వేలు ఖర్చయ్యేది, అవసరం లేదని వాళ్లే అన్నారు.

మేం తెచ్చిన ఎక్స్‌రే పనికిరాదన్నారు. పడుకుంటే శరీరం బరువు వెన్ను మీద పడదు, వంపు ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. నిలబెట్టి, మెడ నుంచి తుంటి దాకా ఒకే ఫిల్ములో, వీపు వైపు నుంచి తీశారు. ముందు నుంచి తీస్తే రొమ్ము మీద పడే కిరణాలు ఎక్కువట, ఎదిగే ఆడపిల్లలకి అందుకే వెనక నుంచి తీస్తారు. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లికీ తెలియాలని నా కోరిక. ఎందుకంటే ఈ ఎక్స్‌రే ఒకసారితో అయిపోయేది కాదు, ఎదుగుదల ఆగేదాకా తీయించాల్సిందే.

కంప్యూటర్ మీద ఆ బొమ్మ పెట్టి మా ముందే కొలిచారు. వంపులో పైన బాగా వాలిన పూస, కింద బాగా వాలిన పూస పట్టుకుని రెండింటికీ గీతలు గీసి, ఆ గీతల మధ్య కోణం చూస్తారు. 1948లో జాన్ కాబ్ అనే అమెరికా డాక్టర్ చెప్పిన పద్ధతి, ఇప్పటికీ అదే వాడుతున్నారు. 10 డిగ్రీల లోపు ఉంటే ఈ జబ్బు కిందే లెక్కవేయరు. మా అమ్మాయిది 31. అదే బొమ్మలో తుంటి ఎముక పై అంచు చూపించారు. ఎముక ఎంతవరకూ ముదిరిందో దాన్ని బట్టి 0 నుంచి 5 దాకా అంకె ఇస్తారు. మా అమ్మాయిది 1. అంటే ఇంకా బాగా ఎదుగుతుంది. పెద్దమనిషి అయి ఎన్నాళ్లయిందని అడిగింది కూడా దీనికోసమే, ఆ తర్వాత దాదాపు రెండేళ్ల దాకా ఎత్తు పెరుగుతారు. ఎదుగుదల ఇంకా మిగిలి ఉండి వంపు 25 నుంచి 40 మధ్య ఉంటే బ్రేస్, అంటే ఒంటికి బిగించే గట్టి ప్లాస్టిక్ కవచం, వేస్తారు. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. 50 దాటిన వంపు ఎదుగుదల ఆగాక కూడా ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోవచ్చట.

ఇంకో మాట ఆయన చెప్పకపోయినా నేను అడిగేదాన్ని కాదు, కానీ చెప్పారు. "ఈ కొలతలో మనిషికీ మనిషికీ 5 డిగ్రీల దాకా తేడా రావొచ్చు. వచ్చేసారి 33 వస్తే ఏడవొద్దు, 29 వస్తే తగ్గిపోయిందని సంబరపడొద్దు." టేపు పట్టేదాన్ని కదా, నాకు వెంటనే అర్థమైంది. ఒకే మనిషికి నేనూ మా చెల్లెలూ కొలత తీస్తే పావు అంగుళం తేడా వస్తుంది. తన కొలతలో ఎంత తేడా రావొచ్చో ముందే చెప్పే మనిషి చేతిలో పిల్లని పెట్టొచ్చు అనిపించింది.

బ్రేస్ గురించి కూడా అంతే నిజాయితీగా చెప్పారు. ఇది ఉన్న వంపుని మాయం చెయ్యదు, పెరగకుండా పట్టి ఉంచుతుంది. 2013లో అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి వచ్చిందట. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో నూటికి 72 మందికి ఎదుగుదల ఆగేసరికి వంపు 50 లోపే ఉంది. వేసుకోనివాళ్లలో అలా నిలబడ్డది నూటికి 48 మందికి. రోజుకి 13 గంటలకి పైగా వేసుకున్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా నిలబడిందట. "అంటే వేసుకోకపోయినా సగం మందికి దగ్గర దగ్గర బాగానే ఉంది కదండీ?" అన్నారు మా వారు. "అవునండీ. కానీ మీ అమ్మాయి ఏ సగంలో ఉందో ముందే చెప్పే దారి లేదు" అన్నారు డాక్టరు గారు. మా వారు కొబ్బరి వ్యాపారి దగ్గర గుమస్తా, లెక్కల మనిషి. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వేయిద్దాం అన్నారు.

ఇక్కడిదాకా అంతా బాగుంది. బ్రేస్ దగ్గరే మాకు కష్టాలు మొదలయ్యాయి, ఇందులో క్లినిక్ తప్పు కూడా ఉంది.

ఈ బ్రేస్ చంకల కింద నుంచి తుంటి దాకా ఒంటిని పట్టి ఉంటుంది, వెనక పట్టీలు. మా ఇంట్లో దాన్ని బెల్టు అంటాం. కొలతలు తీసే అబ్బాయి వారానికి రెండు రోజులే వస్తాడు, ఆ సంగతి ఫోనులో చెప్పలేదు. ఒకసారి ఊరికే వెళ్లి తిరిగొచ్చాం. వెళ్లిన రోజున కొలతలు తీసే గదిలో పరదా తప్ప తలుపు లేదు, ఆడమనిషి ఎవరూ లేరు. పన్నెండేళ్ల పిల్ల పల్చటి బనియన్‌తో నిలబడాలి. నేను గట్టిగానే అడిగాను. ఆ తర్వాత నుంచి ప్రతిసారీ ఒక నర్సమ్మ వచ్చి పక్కన నిలబడింది. అడిగితే గానీ చెయ్యలేదు, అది బాగాలేదు. మా తర్వాత వచ్చే ఆడపిల్లలకి అడగకుండానే చెయ్యాలి.

మొదటి బెల్టు ఎడమ తుంటి ఎముక మీద ఒరుసుకుంది. బెల్టు తీశాక చర్మం మీద ఎరుపు అరగంటలో పోతే పర్వాలేదు, పోకపోతే ఫోన్ చేసి రండి అని కాగితం ఇచ్చారు. మా అమ్మాయికి తెల్లారినా పోలేదు. ఫోన్ చేస్తే మూడు రోజులు ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు నేరుగా వెళ్లిపోయాం. ఆ చోట ప్లాస్టిక్‌ని వేడి చేసి బయటికి వంచారు, డబ్బులు తీసుకోలేదు. రెండు వారాల తర్వాత ఇంకోసారి సరిచేశారు. అప్పటి నుంచి ఇబ్బంది లేదు. కానీ ఆ నాలుగు రోజులు పిల్ల బెల్టు చూస్తేనే ఏడ్చేది. మొదటి నెలలో ఫోన్ ఎత్తే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి ఇలాంటి చోట.

రోజుకి 18 గంటలు వేసుకోమన్నారు. స్నానానికీ, ఆటకీ తీసేయొచ్చు. మేం బెల్టు తెచ్చుకున్నది ఏప్రిల్ నెలాఖరులో. మా వైపు ఎండ కంటే ఉక్క ఎక్కువ, కాలవ గట్టున గాలి కూడా కదలదు. ప్లాస్టిక్ లోపల పిల్ల ఒళ్లంతా పొక్కింది. బజారులో దొరికే బనియన్లకి పక్కల కుట్లు ఉంటాయి, బెల్టు నొక్కినప్పుడు ఆ కుట్లు చర్మంలోకి దిగుతాయి. పౌడరు, క్రీము లోపల రాయొద్దని చెప్పారు. అప్పుడు నేను బనియన్ గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చి, కుట్టు బయటి వైపు వచ్చేలా, పక్కల బదులు ముందు మధ్యలో ఒకే కుట్టుతో పొడుగు బనియన్లు ఎనిమిది కుట్టాను. బెల్టు కింద అంచుకి అరచెయ్యంత దిగేలా పెట్టాను, పైకి ఎగదీసుకోకుండా. పొద్దున ఒకటి, స్కూల్లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి మార్చుకుంటుంది. పొక్కులు వారంలో తగ్గాయి. రెండోసారి క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఆ బనియన్ చూసి డాక్టరు గారు నర్సమ్మని పిలిచి చూపించారు. ఆ తర్వాత ఇద్దరు తల్లులు నన్ను నంబరు అడిగి తీసుకున్నారు, వాళ్ల పిల్లలకీ కుట్టి పంపాను.

తిండి కూడా మారింది. బెల్టుతో ఒక్కసారి కడుపు నిండా తినలేదు, కొంచెం కొంచెం నాలుగుసార్లు పెడతాను. స్కూల్లో పెన్సిల్ కింద పడితే వంగి తీసుకోలేదు, పక్కన కూర్చునే స్నేహితురాలు తీసిస్తుంది. ఆ పిల్ల కోసం నేను పండక్కి ఒక గౌను కుట్టాను. మొదట్లో ఒకరిద్దరు బెల్టు మీద వేళ్లతో టకటక కొట్టేవారట. క్లాసు టీచర్ గారికి క్లినిక్ వాళ్లు రాసిన కాగితం చూపిస్తే ఆవిడ క్లాసులో అందరికీ విడమరిచి చెప్పారు, ఆగింది. ఆ కాగితం అడగకుండానే ఇచ్చినందుకు క్లినిక్‌ని మెచ్చుకోవాలి. వ్యాయామాలు నేర్పే అమ్మాయి కూడా చాలా ఓపిక గల మనిషి. బెల్టు తీసిన గంటల్లో చెయ్యాల్సినవి ఏడు రకాలు నేర్పింది, ప్రతి దానికీ మా ఫోనులో వీడియో తీయించింది.

బెల్టు వేసి తీసిన ఎక్స్‌రేలో వంపు 17. ఆరు నెలల తర్వాత బెల్టు లేకుండా తీస్తే 29. పోయిన నెలలో 30. ఈ 14 నెలల్లో అమ్మాయి ఆరు సెంటీమీటర్లు ఎదిగింది, వంపు అక్కడే ఉంది. నాకు ఇది చాలు.

ఇక మావయ్య గారి సంగతి. ఆయనకి 58 ఏళ్లు, కొబ్బరికాయల ఒలుపు పని. నేలలో దిగేసిన గునపానికి కాయ పొడిచి డొక్క విడదీయడం. రోజుకి వెయ్యి కాయలకి తక్కువ కాకుండా, ప్రతి కాయకీ నడుం వంచి మెలి తిప్పాలి. పోయిన ఆగస్టులో కుడి పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి మొదలైంది. ఒక చోట ఎంఆర్ఐ తీయించి, డిస్క్ జారింది, వారంలో ఆపరేషన్ చెయ్యకపోతే కాలు పడిపోతుందన్నారు. ఇల్లంతా టెన్షన్. రెండు కుంచాల నేల తాకట్టు పెట్టే మాట కూడా వచ్చింది.

ఆ ఫిల్ము పట్టుకుని ఇక్కడికొచ్చాం. డాక్టరు గారు ఫిల్ము చివర్లో చూశారు, ముందు మనిషిని చూశారు. వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తితే ఎక్కడ లాగుతోందో చూశారు. మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు. బొటనవేలు పైకి ఎత్తమని తన చేత్తో అదిమి బలం చూశారు. ఒంటికి, దొడ్డికి వెళ్లడంలో తేడా ఉందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా అని తిప్పి తిప్పి అడిగారు. "ఆయ్, అలాంటివేం లేవండి, నొప్పే" అన్నారు మావయ్య గారు. అప్పుడు చెప్పారు, కాలి బలం తగ్గలేదు కాబట్టి తొందర లేదు, ఇలాంటివి ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి. ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బు కనిపించిందని భయపడొద్దన్నారు. ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవాళ్లకి తీసినా నూటికి 60 మందిలో అలా కనిపిస్తుందట. మంచానికి అతుక్కుని పడుకోవద్దు, ఒకటి రెండు రోజులు చాలు, తర్వాత నడవాలి అన్నారు. మందులు రెండు వారాలకి రాశారు. పాదం వేలాడినా, ఒంటికి రాకపోయినా ఏ టైమైనా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు.

తొమ్మిది వారాలకి కాలి నొప్పి పోయింది. నడుం బరువు కొంచెం ఉంది. ఒలుపుకి మళ్లీ వెళ్లొచ్చా అని డాక్టరు గారిని అడిగితే, బతుకు తెరువు మానెయ్యమని నేనెలా చెబుతాను, గునపం కొంచెం ఎత్తుగా పాతుకోండి, అరగంటకోసారి లేచి వెనక్కి విరుచుకోండి అన్నారు. మావయ్య గారు ఇప్పుడు సగం రోజే చేస్తున్నారు. మా మరిది గునపం కింద సిమెంటు దిమ్మ కట్టించి ఎత్తు పెంచాడు.

ఇక్కడ వెయిటింగ్ గురించి చాలామంది కోప్పడటం విన్నాను. నిజమే, పదింటి టోకెను అంటే ఒంటిగంట అనుకోవాలి. కానీ మూడోసారి వెళ్లినప్పుడు ఒకటి చూశాను. ఆటోలో ఒకాయన్ని ఇద్దరు పట్టుకుని దింపారు. ముందు రోజు నుంచి ఒంటికి రాలేదట, కూర్చునే చోట మొద్దుబారిందట. రిసెప్షన్ అమ్మాయి ఆ మాట వినగానే లేచి లోపలికి పరిగెత్తింది. డాక్టరు గారు లోపల ఉన్నవాళ్లని ఆపి బయటికొచ్చి చూసి, ఐదు నిమిషాల్లో అంబులెన్స్ మాట్లాడి ఆపరేషన్‌కి పంపించారు. నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతే గంటలు లెక్కట. ఆ రోజు మాకు గంటన్నర ఆలస్యమైంది, ఎవరూ నోరెత్తలేదు. అదే రోజు నా పక్కన కూర్చున్నావిడ లంక గ్రామం నుంచి వచ్చింది. మూడు నెలలు వీపు నొప్పి, సాయంత్రాలు జ్వరం, మనిషి చిక్కిపోయింది, గ్యాస్ అని మందులు మింగిందట. ఇక్కడ పరీక్ష చేసి వెన్నుపూసకి టీబీ అని తేల్చారు. మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోందని, మానకుండా నెలల తరబడి వాడాలన్నారని చెప్పింది. నడుం నొప్పంటే అన్నీ ఒకటి కాదని ఆ బెంచీ మీదే నేర్చుకున్నాను.

డబ్బుల సంగతి. మాకైతే చూపించుకోవడానికి 500, పదిహేను రోజుల్లో మళ్లీ వెళ్తే తీసుకోలేదు. పూర్తి వెన్ను ఎక్స్‌రే 1,200. బెల్టు 24,000, రెండు విడతల్లో కట్టనిచ్చారు. సరిచెయ్యడానికి వేరే తీసుకోలేదు. బెల్టుకి రసీదు మాత్రం అడిగితే గానీ ఇవ్వలేదు, అడిగి తీసుకోండి. ఇంకొకటి, నడుం నొప్పివాళ్లు వచ్చే చోట గుమ్మానికి ఏడు మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ. మావయ్య గారు మొదటిసారి ఆ మెట్లు ఎక్కడానికి పడ్డ బాధ చూడలేకపోయాను. ర్యాంపు కట్టించమని పుస్తకంలో రాసొచ్చాను, ఇంకా కట్టలేదు.

వెళ్లేవాళ్లకి నా మాట: పాత ఎక్స్‌రేలు పనికిరానివైనా తీసుకెళ్లండి. బెల్టు కొలతలకైతే ముందు రోజు ఫోన్ చేసి ఆ అబ్బాయి వస్తున్నాడో లేదో కనుక్కోండి. అమ్మాయికి ముందు తెరుచుకునే వదులు చొక్కా వేయండి. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే స్నానం చేయించే వంకతోనో, బట్టల కొలతల వంకతోనో నెలకోసారి వెనక నుంచి చూడండి, చేతులు జోడించి వంగమనండి. ఒకవైపు ఎత్తుగా కనిపిస్తే నూనె మర్దనాల దగ్గరికి వెళ్లకుండా వెన్ను డాక్టరుకే చూపించండి. ఇప్పుడు నా దగ్గరికి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చే ప్రతి ఆడపిల్లనీ నేను అలా చూస్తున్నాను. ఇద్దరి తల్లులకి చెప్పాను. ఒకావిడ కోపం తెచ్చుకుని గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. ఇంకొకావిడ తీసుకెళ్లి చూపించింది, ఆ అమ్మాయికి 18 డిగ్రీలు, ఇప్పటికి బెల్టు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూస్తామన్నారట.

మా అమ్మాయి ఎదిగింది కాబట్టి మొదటి బెల్టు పొట్టిదైపోయింది. తుంటి ఎముక మీది అంకె ఇప్పుడు 3, ఇంకో ఏడాది వేసుకోవాలేమో అన్నారు. కొత్తదానికి పోయిన మంగళవారం కొలతలిచ్చాం. నర్సమ్మ పక్కనే ఉంది. ఆ అబ్బాయి కొలుస్తుంటే మా అమ్మాయే అతని చెయ్యి ఆపి, ఎడమ తుంటి మీద వేలు పెట్టి చూపించింది. "అన్నా, ఇక్కడ కొంచెం బయటికి వదులు. పోయినసారి ఒరుసుకుంది" అంది. అతను ఆ చోట పెన్నుతో గుండ్రంగా గీసుకున్నాడు.